ఆఫ్తల్‌లో చేరబోతున్న మా అమ్మలుకి

అమ్మలూ,

గుంటూరు మెడికల్ కాలేజీలో ఆఫ్తల్, అదే కంటి వైద్యం పీజీ సీటు వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసినప్పుడు ఓపీలో ఉన్నా, సరిగ్గా మాట్లాడలేకపోయా, అందుకే రాత్రి భోజనం అయ్యాక తీరిగ్గా టైప్ చేస్తున్నా. చాలా సంతోషంగా ఉందమ్మా. 1946లో పెట్టిన కాలేజీ అది, ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టిన గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు డాక్టరీ చదివింది కూడా అక్కడే.

పెద్దనాన్నా, ఆపరేషన్లు ఎప్పటినుంచి చెయ్యనిస్తారు అని మెసేజ్ పెట్టావు చూడు, చేరే ప్రతి పీజీ మొదట అడిగేది అదే. ఇస్తారు, మూడేళ్ళు ఉంది, కంగారు పడకు. కానీ మొదటి ఏడాది ఓపీలో చూడటం రాకపోతే ఆ తర్వాత కూర్చోబెట్టి నేర్పేవాళ్ళు ఎవరూ ఉండరు.

ముఖ్యంగా రెటినోస్కోపీ, అంటే కంట్లోకి వెలుగు వేసి అద్దాల పవర్ కనుక్కోవడం. మెషీన్ స్లిప్పు ఇచ్చేస్తుంది కదా అని ఇప్పటి పిల్లలు ఆ రెటినోస్కోప్‌ని డ్రాయర్లో పడేస్తున్నారు. మూడేళ్ళ పిల్లాడు మెషీన్ మీద గడ్డం పెట్టి కదలకుండా కూర్చుంటాడా చెప్పు, వాళ్ళమ్మ ఒళ్ళో ఏడుస్తా ఉంటే ఆ అర నిమిషంలో వెలుగు ఎటు కదులుతుందో నువ్వే పట్టుకోవాలి, 66 సెంటీమీటర్ల దూరంలో చూస్తే వచ్చిన పవర్లోంచి 1.5 తీసెయ్యడం లెక్కలా కాకుండా అలవాటులా రావాలి. రోజుకి పది మందికి చెయ్యి. ఇండైరెక్ట్, అదే తలకి లైటు పెట్టుకుని కంటి వెనక రెటీనా చూసే పరీక్ష, అది కూడా అంతే, తలకిందులుగా కనపడే బొమ్మకి బుర్ర అలవాటు పడటానికి నెలలు పడుతుంది, మొదట్లో ఏం కనపడక ఏడుపొస్తుంది, మానకు. చూసింది చూసినట్టు కేస్‌షీట్ మీద రంగు పెన్సిళ్ళతో బొమ్మ వెయ్యి, వేసేటప్పుడే నువ్వేం చూడలేదో తెలుస్తుంది.

మన వైపు ఎక్కువగా వచ్చేది ఇంకోటి ఉంది, కంట్లో పుండు. వరి కోతలప్పుడు ఆకు కోసుకునో దుమ్ము పడో వస్తారు, అప్పటికే మందుల షాపులో ఏదో చుక్కల మందు ఇచ్చి ఉంటాడు, అది స్టెరాయిడ్ అయితే ఫంగస్‌కి అన్నం పెట్టినట్టే. రాగానే ఆ సీసా చూపించమను, చీటీ కాదు సీసా. అంచులు పీచుపీచుగా దూదిలా ఉంటే అనుమానించు. గీకిన మెటీరియల్ ల్యాబ్‌కి పంపేసి ఊరుకోకుండా నువ్వే స్లైడ్ మీద కేఓహెచ్ ద్రావణం వేసి మైక్రోస్కోప్ కింద చూడు, ఆ ఫంగస్ దారాలు ఒక్కసారి కళ్ళారా చూస్తే జన్మలో మర్చిపోవు. ఫంగస్‌కి వేసే చుక్కల మందు నాటామైసిన్ గంటకోసారి వెయ్యాలి అంటే పేషెంట్‌కి కాదు, పక్కనున్న మనిషికి చెప్పు, వేసేది వాళ్ళే.

ఇక ఆపరేషన్. ముందు చిన్న కోత పద్ధతి, అదే ఎస్‌ఐసీఎస్, గట్టిగా నేర్చుకో, మెషీన్‌తో శుక్లం కరిగించి తీసే ఫేకో తర్వాత. బాగా ముదిరిన శుక్లం వచ్చినప్పుడు కాపాడేది అదే. కత్తి పట్టేముందు స్టూల్ ఎత్తు, మైక్రోస్కోప్ ఫోకస్, కాళ్ళ దగ్గర పెడల్ సరి చూసుకో, సగం వణుకు అక్కడే పోతుంది.

నేను పీజీలో ఉండగా ఒక మామ్మగారికి శుక్లం ఆపరేషన్లో కార్టెక్స్, అంటే చుట్టూ మిగిలిన మెత్తటి భాగం తీస్తా ఉంటే లెన్స్ వెనక పొర చిరిగింది. ఆ పొర మందం 4 మైక్రాన్లు ఉంటుందేమో, వెంట్రుకలో పదో వంతు కూడా కాదు. ఉన్నట్టుండి ఛాంబర్, అదే కంటి ముందు గది లోతయ్యింది, నేను భయపడి లోపలున్న సన్న గొట్టం క్యాన్యులా లాగేశా, దాంతోపాటే విట్రియస్, కంటి లోపలి జెల్లీ, బయటికి వచ్చేసింది. అయ్యో అన్నా పైకే. గుడ్డ కింద నుంచి ఆమె ఏమైంది బాబూ అంది, మత్తు కంటికే గానీ మనిషికి కాదు కదా, అన్నీ వింటా ఉంటారు. ఏం లేదమ్మా అని అబద్ధం చెప్పా, సీనియర్ వచ్చి సరిచేశారు, లెన్స్ మాత్రం ఇంకో రోజు పెట్టాల్సొచ్చింది. పొద్దున కట్టు విప్పితే ఏం లేదన్నావుగా అంది, ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అందుకే చెప్తున్నా, అలా అయితే చెయ్యి కదపకు, లోపలున్నది లాగకు, పక్కన పెట్టిన చిన్న కోత, అదే సైడ్ పోర్ట్ నుంచి విస్కో జెల్ ఎక్కించి అప్పుడు మెల్లగా బయటికి తియ్యి, మేడమ్ ఒకసారి రండి అని నోరు తెరిచి పిలువు. తర్వాత పేషెంట్‌కి నువ్వే చెప్పు, సిస్టర్‌తో చెప్పించకు. ఆ రాత్రి చేసినదంతా లాగ్‌బుక్‌లో కాకుండా నీ సొంత నోట్‌బుక్‌లో రాసుకో, ఏ నిమిషంలో ఏం చేశావో.

థీసిస్ టాపిక్ ఓపీలో రోజూ కనపడేది తీసుకో, అంతే.

చేరేలోపు ఒక ఆదివారం బెజవాడ రా. తెల్లారగానే మటన్ కొట్టు దగ్గర మేక కళ్ళు తెచ్చి ఐస్‌లో పెడతా, ఆలస్యమైతే నల్లగుడ్డు మీద మసక వచ్చేస్తుంది, అందుకే టిఫిన్ టైముకే ఇంట్లో ఉండాలి. కంటి కుట్లకి వాడే అతి సన్నటి పది సున్నా దారంతో కుట్లు వేద్దువుగానీ. మీ పెద్దమ్మకి ముందే చెప్పా, ఆ రోజు ఫ్రిజ్‌లో కింద అర మనదే.

పెద్దనాన్న