డి హోంట్ లెక్కలో ఒక సీటు ఎందుకు తేడా వస్తోంది?

డి హోంట్ అంటే ఓట్లను బట్టి పార్టీలకు సీట్లు పంచే పద్ధతి. క పార్టీకి 60 వేలు, గ పార్టీకి 42 వేలు, చ పార్టీకి 18 వేల ఓట్లు పడితే 5 సీట్లు ఎలా పంచాలన్నది మీ లెక్క. మీరు ఒకసారి సగం చేసిన అంకెనే మళ్లీ సగం చేస్తున్నారు. అందుకే స్పెయిన్‌లో వాడే ఈ పద్ధతిలో 5 సీట్లకు మీకు 2-2-1 వస్తోంది.

చాలామంది పొరబడేది ఇక్కడే. ప్రతిసారీ మొదట పడ్డ ఓట్లనే 1, 2, 3తో భాగించాలి.

మీరిచ్చిన అంకెలతోనే (వేలల్లో):

1. క పార్టీ: 60, 30, 20. మూడోది 15 కాదు, జాగ్రత్త.
2. గ పార్టీ: 42, 21, 14.
3. చ పార్టీ: 18, 9, 6.
4. అన్నిట్లో పెద్దవి ఐదు ఏరండి: 60, 42, 30, 21, 20. అంటే 3-2-0.

18 కొద్దిలో తప్పిపోయింది, పాపం. న్యూజిలాండ్, జర్మనీల్లో 1, 3, 5తో భాగిస్తారు కాబట్టి అక్కడైతే చ పార్టీకీ ఒక సీటు వచ్చేది. నాకు ఆ పద్ధతే న్యాయం అనిపిస్తుంది.

స్పెయిన్ దిగువ సభ లెక్కయితే, ఆ నియోజకవర్గంలో 3 శాతం ఓట్లు రాని పార్టీలను ముందే తీసేయండి.