మీ అమ్మ నంబరు మాత్రం పెట్టకు

చిన్నీ,

నువ్వు ఉద్యోగం మానేసి పొడులు, పచ్చళ్లు ఆన్‌లైన్‌లో అమ్ముతానంటున్నావని మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసి చెప్పింది. చెబుతుంటే దాని గొంతు కొంచెం వణికింది. నేను మాత్రం ఫోన్ పెట్టేసి, మీ పెదనాన్న ఫొటో ముందు నిలబడి, "చూశారా, మన పొడులకి వారసురాలు వచ్చింది" అన్నాను. ఆ తర్వాత నిద్ర పట్టలేదు. తెల్లారకుండానే లేచి ఇది రాస్తున్నాను. ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అంటావు గానీ ఒక్కటీ చెవిన పెట్టవు.

నీకు తెలిసినవి ముందు గబగబా చెప్పేస్తాను. తిండి సరుకులకి అనుమతి ఇచ్చే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ల నంబరు తీసుకో, ఆ 14 అంకెలూ లేబుల్ మీద కనపడేలా వేయించు. బరువు, తయారుచేసిన తేదీ మర్చిపోకు. మిరపకాయలు యార్డు దగ్గర తెలిసిన కొట్లోనే కొను, తొడిమలు మాత్రం ఇంట్లోనే తీయించు. గోంగూర పచ్చడి గాజు సీసాలో కొరియర్‌కి ఇవ్వకు. జీఎస్టీ సంగతి ఆడిటర్‌ని అడుగు, నన్నడక్కు. ఇంకొకటి. కరివేపాకు పొడి తింటే షుగర్ తగ్గుతుందని మన వీధిలో అందరం అంటాం. లిస్టింగ్‌లో, అంటే అమ్మకానికి యాప్‌లో పెట్టే పేజీలో మాత్రం ఆ ముక్క రాయకు. జబ్బులు నయమవుతాయని ప్రకటించుకోవడం మీద 1954 నుంచే చట్టం ఉంది. అలా రాస్తే, లిస్టింగులు తనిఖీ చేసే ఆ యాప్ వాళ్ల కంప్యూటర్ మిషన్ దాన్ని తీసేసినా తప్పు మిషన్‌ది కాదు, నీదే.

ఇక అసలు సంగతి. ఇది నీకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

నేను బ్రాడీపేట ఇంట్లో పొడులు మొదలుపెట్టినప్పుడు, ఫోన్లో లిస్టింగులు పెట్టింది పక్కింటి అబ్బాయి. ఇంగ్లిషు బాగా వచ్చినవాడు. కందిపొడికి "ఆంధ్రా గన్ పౌడర్" అని పేరు పెట్టాడు. హోటళ్లలో అలాగే అంటారన్నాడు. నాకూ ముచ్చటేసింది. రెండు నెలలు బాగా పోయింది. సంక్రాంతికి పది రోజులుందనగా ఒక పొద్దున చూస్తే లిస్టింగ్ లేదు. పేలుడు పదార్థాల కింద తీసేశామని మెయిల్. నేను పగలబడి నవ్వాను. "ఏమండీ, మనింట్లో తుపాకి మందు దొరికిందట" అన్నాను. ఆయన నవ్వలేదు. ఆయనకి అలాంటివి ముందే తెలిసేవి.

పాపం, ఆ మిషన్ ఎప్పుడైనా వేడన్నంలో కందిపొడి, నెయ్యి కలుపుకుని తిన్నదా? పేరులో ఉన్న మాటలు చూస్తుంది, ఫొటో చూస్తుంది, ఏ వర్గంలో పెట్టామో చూస్తుంది, మన పాత చిట్టా చూస్తుంది. అన్నీ కలిపి మార్కులు వేసి, గీత దాటితే తీసేస్తుంది. చాలాసార్లు మనం అప్పీల్ పెట్టాకే మనిషి కంటపడుతుంది. ఇది నా ఒక్కదానికే జరిగిందనుకోకు. 2020లో కెనడాలో ఒక విత్తనాల కొట్టువాళ్లు ఉల్లిపాయల ఫొటోతో ప్రకటన ఇస్తే, ఫేస్‌బుక్ మిషన్ అది అశ్లీలం అని తీసేసింది. తర్వాత ఫేస్‌బుక్ వాళ్లే పొరపాటు ఒప్పుకున్నారు. ఉల్లిపాయలే అశ్లీలం అయినప్పుడు కందిపొడి బాంబు కావడంలో వింతేముంది?

నేను చేయాల్సింది ఒకటే. పేరు మార్చుకుంటానని చెప్పి, లేబుల్ ఫొటో జతచేసి, ఒక్క అప్పీల్ పెట్టి, ఊరుకోవాలి. అలా ఊరుకునే మనిషినా నేను? అదే ఫొటోతో, రెండు మాటలూ కలిపి "గన్‌పౌడర్" అని రాసి మళ్లీ పెట్టాను. గంటలో తీసేశారు. మధ్యలో గీత పెట్టి మళ్లీ పెట్టాను. అది కూడా పోయింది. మూడోసారికి అకౌంటే ఆపేశారు. నాకు రావాల్సిన 38 వేలు అందులోనే ఉండిపోయాయి. అప్పుడు వరసగా పదకొండు మెయిళ్లు కొట్టాను. అందులో సగం తిట్లే. కందిపొడి అంటే ఏమిటో ఒక్క మెయిల్లోనూ రాయలేదు.

పండక్కి పొడులు కొట్టడానికి ముగ్గురు ఆడవాళ్లని పెట్టుకున్నాను. రెండు బస్తాల కందిపప్పు వేయించి పెట్టాను. ఆ టెన్షన్‌లో బస్సెక్కి మీ ఇంటికి వచ్చి, మీ అమ్మ పాన్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు అడిగాను. దాని పేరు మీద కొత్త అకౌంటు తెరిచాను. ఫోటోలు అవే. కొరియర్ వాడు సరుకు తీసుకెళ్లే చిరునామా మాదే. ఫోన్ నంబరు మాత్రం దానిది. నాలుగు రోజులు నడిచింది. ఐదో రోజు రెండూ మూతపడ్డాయి. ఈసారి అప్పీల్‌కి మనిషే జవాబిచ్చాడు. ఈ రెండు అకౌంట్లకీ సంబంధం ఏమిటి, మొదటిది ఆపేశాక రెండోది ఎందుకు తెరిచారు అని అడిగాడు. ఏం చెప్పను? కందిపొడి విషయంలో మిషన్ పొరబడింది గానీ, నా దొంగతనం విషయంలో పొరబడలేదు.

గాజులు తాకట్టు పెట్టి ఆ ముగ్గురికీ కూలి ఇచ్చాను. మీ అమ్మ "పోన్లే అక్కా" అంది. అంతే అంది. అప్పట్లో అది మంగళగిరి చీరలు తెచ్చి ఆన్‌లైన్‌లో అమ్ముదామని మగ్గాల వాళ్లతో మాట్లాడుకుంది కూడా. నా మూలంగా దాని పేరు మీద మచ్చ పడింది. చీరల మాట మళ్లీ ఎత్తలేదు. నిన్న వణికింది ఆ గొంతే.

అందుకే చెబుతున్నాను. నీ దుకాణానికి మీ అమ్మ ఫోన్ నంబరు పెట్టకు, దాని బ్యాంకు ఖాతా పెట్టకు. కొత్త సిమ్ తీసుకో, బ్యాంకులో నీ పేరున వ్యాపారానికి కరెంట్ అకౌంట్ తెరువు. మీ పటమట ఇంటి నుంచే సరుకు పంపాల్సి వస్తే, మొదట్లోనే యాప్ వాళ్లకి మెయిల్ రాసి, మీ అమ్మకీ నీకూ వ్యాపారాలు వేరని చెప్పి, వాళ్ల జవాబు దాచుకో. దాపరికం వద్దు, మన ఇంటికి అది అచ్చిరాదు.

పేర్లు పెట్టేటప్పుడు నోరు అదుపులో పెట్టుకో. చీరలు కూడా పెడతావటగా. ఐవరీ రంగు అని రాయకు. ఐవరీ అంటే ఏనుగు దంతం, ఆ వ్యాపారం నిషేధం. శాండల్ రంగు అన్నా గంధపు చెక్క అనుకుంటుందేమో, ఎందుకొచ్చిన గొడవ! క్రీమ్ కలర్ అను.

జాగ్రత్తగా ఉన్నా ఒకరోజు ఏదో ఒకటి తీసేస్తారు. అప్పుడు దాన్ని ముట్టుకోకు. డిలీట్ చెయ్యకు, మళ్లీ పెట్టకు. స్క్రీన్‌షాట్ తీసి, కేసు నంబరు నోటుబుక్కులో రాసుకో. అదే మాట వేరే లిస్టింగుల్లో ఉందేమో చూసి ముందు అవి సరిచెయ్యి. నేను సాంబారు పొడి కింద కూడా "గన్ పౌడర్ ఫ్యామిలీ" అని ఉంచేశాను, బుద్ధి లేక. అప్పీల్‌లో ఐదు వాక్యాలు చాలు: ఇది తినే పొడి, ఇందులో కందిపప్పు, ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి ఉన్నాయి అని. లేబుల్ నాలుగు వైపులా తీసిన ఫొటోలు, సరుకు కొన్న బిల్లు జతచెయ్యి. జవాబు రాకపోతే ఫిర్యాదులు చూసే వాళ్ల గ్రీవెన్స్ ఆఫీసరుకి రాయి, పేరు వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలి. తేదీలు రాసి పెట్టుకుంటే ఆ మాట ధైర్యంగా అడగొచ్చు.

రెండు నెలల కూలి డబ్బు పక్కన పెట్టకుండా ఒక్క మనిషిని కూడా పనిలో పెట్టుకోకు. ఇది మాత్రం ఒట్టేసి చెప్పు నాకు. డబ్బు యాప్‌లో ఇరుక్కుపోతే, కూలికి వచ్చినవాళ్ల ముందు చేతులు నలుపుకుంటూ నిలబడటం ఎలా ఉంటుందో నీకు తెలియకూడదు.

ఆదివారం పొద్దున బస్సుకి వస్తాను. మీ పెదనాన్న బిల్లులన్నీ తేదీల వారీగా గుచ్చి పెట్టిన ఫైలు తెస్తాను, నువ్వూ అలాగే పెట్టుకుందువు గాని. పాత సంగతి మీ అమ్మని అడక్కు. అడిగినా ఏమీ లేదంటుంది. దాని చీరల మాట నేనే ఎత్తుతాను. కందిపొడికి ఇంగ్లిషులో ఏ పేరు పెట్టాలో ముగ్గురం కూర్చుని ఆలోచిద్దాం, అందాకా ఏదీ అప్‌లోడ్ చెయ్యకు.

మీ పెద్దమ్మ