చిన్న భాష మీద జీవితమంతా పనిచేస్తే ఏమొస్తుంది?

పట్టుమని పదిమంది కూడా మాట్లాడని భాషకి నిఘంటువు రాయడం దేనికని ఒకరు అడిగారు. భాషాశాస్త్రవేత్త రాబర్ట్ బ్లస్ట్ కెరీర్ చూడండి. అమెరికన్, 1940లో పుట్టారు, 2022లో పోయారు, ఎక్కువకాలం హవాయి విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. 1971లో, ఇంకా పీహెచ్‌డీ చేతికి రాకముందే, బోర్నియోలోని ఉత్తర సరవాక్‌లో ఊరికో రకంగా ఉండే మాటలు సేకరించారు. తర్వాత తైవాన్‌లో సన్ మూన్ సరస్సు దగ్గర థావో భాష బాగా వచ్చినవాళ్లు కొద్దిమంది ముసలివాళ్లే మిగిలితే, వాళ్లతో పనిచేసి 2003లో వెయ్యి పేజీలు దాటిన నిఘంటువు తెచ్చారు. నాకైతే ఆయన సిద్ధాంతాలకన్నా ఇదే గొప్ప పని.

ఇక ఉపయోగం అంటారా, మడగాస్కర్ నుంచి ఈస్టర్ ద్వీపం దాకా పరుచుకున్న, ఒకే మూలభాష నుంచి పుట్టిన ఆస్ట్రోనేషియన్ కుటుంబ భాషలు 1,200 పైనే, కానీ తైవాన్ బయట ఎప్పుడో కలిసిపోయిన కొన్ని ధ్వనులు థావో లాంటి తైవాన్ భాషల్లో ఇప్పటికీ విడివిడిగానే ఉన్నాయి, అవి లేకపోతే ఆ మూలభాష ఎలా ఉండేదో ఊహించడం కష్టం. ఈ కుటుంబంలోని పది ప్రధాన శాఖల్లో తొమ్మిది తైవాన్‌లోనే ఉన్నాయని 1999లో బ్లస్ట్ వాదించారు. శాఖల లెక్క మీద గొడవ ఇంకా నడుస్తోంది, పుట్టిల్లు తైవానే అన్నది మాత్రం ఎక్కువమంది ఒప్పుకుంటారు.