ఆయనకు తెలిసింది ఆ ఒక్క మాటే కాదు

ప్రశ్న: మా అత్తగారు పక్షవాతం వచ్చి మూడేళ్లు మంచంలోనే ఉన్నారు. అన్నీ నేనే చూశాను. ఒక రాత్రి రెండోసారి దుప్పటి మార్చి, పంపు దగ్గర ఉతుకుతూ ‘ప్రభువా, ఈమెను తీసుకుపో, ఇక నావల్ల కాదు’ అన్నాను. పదకొండు రోజులకు నెమ్ము చేరి ఆమె చనిపోయారు. జ్ఞాపకార్థ కూడికలో అందరూ నన్ను, బైబిల్లో అత్తను విడిచిపెట్టని రూతులాంటి కోడలన్నారు. మనుషుల దగ్గర దాచగలను, హృదయాలు ఎరిగిన దేవుడి దగ్గర ఎలా దాచను? ఐదు నెలలుగా చర్చిలో ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) తీసుకోవడం లేదు. ఒంట్లో బాగాలేదని చెప్పి వెనక కూర్చుంటున్నాను.
- ఒక సోదరి, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, మీ ఉత్తరం పెద్దది కాబట్టి పైన కుదించి ఇచ్చాం. అందులో వదిలేసిన ఒక వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ‘ఇడ్లీ పాలల్లో మెదిపి, పొలమారకుండా తల కింద చెయ్యి పెట్టి తినిపించేదాన్ని’ అని రాశారు. మీ మీద మీరే నేరం మోపుకుంటూ రాసిన ఉత్తరంలో అదెలాగో వచ్చేసింది. మూడేళ్లంటే అలా ఎన్ని పూటలు! పంపు దగ్గర అన్న మాట విన్న దేవుడు ఈ పూటలు చూడలేదనుకుంటున్నారా?

మీరు ఆ మాట అనలేదనో, అందులో తప్పేమీ లేదనో సర్దిచెప్పను. అలా చెబితే మీరు నమ్మరు కూడా. అయితే ఆ మాట వల్లే ఆమె ప్రాణం పోయిందన్న భయం మాత్రం ఇవాళే వదిలేయండి. ఏళ్ల తరబడి మంచాన ఉన్నవాళ్లకు నెమ్ము చేరడం తరచూ జరిగేదే.

ఏలీయా ప్రవక్త సంగతి మీకు తెలుసు. బదరీవృక్షం కింద కూర్చుని ‘నా ప్రాణం తీసుకో’ అన్నాడు. దేవుడు ఆ మాటను పట్టుకుని అతన్ని నిలదీయలేదు. నిద్రపోనిచ్చాడు. లేచేసరికి తల దగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఉన్నాయి. ఏలీయా తన చావునే అడిగాడు, నేను ఇంకొకరిది అడిగానని మీరనవచ్చు. నిజమే. కానీ ‘నావల్ల కాదు’ అని మీరే అన్నారు చూడండి, మీ ప్రార్థనలో అసలు మాట అదేనని నాకనిపిస్తుంది. రాత్రి రెండింటికి నిద్రలేని మనిషి నోట వచ్చిన మాటలో విసుగెంతో, అలసటెంతో మనం విడదీయలేం. ఆయన విడదీయగలడు.

మీరు దేవుడికి తెలుసని వణికిపోతున్నారు. యేసు శిష్యుడు పేతురు అదే ఆసరా చేసుకున్నాడు. మూడుసార్లు ప్రభువును ఎరగనన్నవాడు. తర్వాత ‘నన్ను ప్రేమిస్తున్నావా’ అని ప్రభువు మూడోసారి అడిగితే, చూపించుకోవడానికి అతని దగ్గర ఏమీ లేదు. ‘ప్రభువా, నీకు అన్నీ తెలుసు, నిన్ను ప్రేమిస్తున్నానని నీకే తెలుసు’ అన్నాడు. తను చేసిన ద్రోహం తెలిసినవాడినే తన ప్రేమకు సాక్షిగా పిలిచాడు. మన హృదయం మన మీద నేరం మోపినా దేవుడు మన హృదయం కంటే గొప్పవాడని యోహాను రాసింది ఇలాంటి వేళల కోసమే. మీరూ ఒక్కసారి అలా అడిగి చూడండి: ‘ఆ మాటా నీకు తెలుసు, ఆ ఇడ్లీ ముద్దా నీకు తెలుసు.’

ఇక బల్ల సంగతి. ఆ ఆరాధనలో చదివే పౌలు మాట మళ్లీ చూడండి. తన్ను తాను పరీక్షించుకుని, ఆ తర్వాత తినాలి అన్నాడు. పరీక్షించుకుని వెనక వరుసకు వెళ్లిపొమ్మనలేదు. మీరు ఐదు నెలలుగా మొదటి సగం దగ్గరే ఆగిపోయారు.

దేవుడికి చెప్పుకున్నాక మీ ఆయనకూ చెప్పండి. ఇది చెప్పకపోవడం వల్లే ఆయనతో మాటలు తగ్గాయని మీ ఉత్తరం చూస్తే తెలుస్తోంది. తల్లిని పోగొట్టుకున్న మనిషి కదా, వినగానే బాధపడవచ్చు, కాస్త టైమ్ ఇవ్వండి. పాస్టరమ్మగారితో మాట్లాడినా మంచిదే, గుట్టు దాచే మనిషయితే.

ఇప్పటికీ రెండింటికి మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టడం లేదన్నారు. ఐదు నెలలుగా ఇలా ఉంటే డాక్టరుకు చూపించుకోవాలి. ప్రార్థన చేస్తూనే మందూ వాడొచ్చు, అది అవిశ్వాసం కాదు. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్‌వాళ్లు (మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్) తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

అత్తగారి గది తలుపు ఇంతవరకు తీయలేదని రాశారు. మీ ఆయనతో మాట్లాడాక, ఇద్దరూ కలిసి తీయండి.