తమ్ముణ్ని పైలట్ చేయాలా? పొలం బేరం కాస్త ఆపండి

"తమ్ముడు ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. పైలట్ అవుతానని పట్టుబట్టాడు. నాన్న రెండెకరాలు అమ్మడానికీ సిద్ధమే. చేర్పించమంటారా?" అని అడిగారు.

నేను ఎయిర్‌బస్ 320 మీద ఫస్ట్ ఆఫీసర్‌ని, అంటే కో-పైలట్‌ని. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా నాన్న కూడా పొలం కాగితాలు బ్యాంకులో పెట్టే చదివించారు. కాబట్టి మీ ఇంట్లో ఇప్పుడు ఏం మాటలు నడుస్తున్నాయో ఊహించగలను.

ముందు మెడికల్. డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) గుర్తించిన డాక్టర్ దగ్గర క్లాస్ 2 అనే ఆరోగ్య పరీక్ష, ఆ తర్వాత ఇంకా కఠినమైన క్లాస్ 1. రెండూ చేతికొచ్చేదాకా ఎక్కడా రూపాయి కట్టకండి. కళ్లద్దాలున్నా ఫర్వాలేదు, అద్దాలతో చూపు సరిగ్గా ఉంటే చాలు. రంగులు గుర్తుపట్టడంలో తేడా ఉంటేనే చిక్కు. మా బ్యాచ్‌లో ఒకబ్బాయి మెడికల్‌కి ముందే మొదటి వాయిదా కట్టేశాడు. తీరా వెళ్తే చుక్కల బొమ్మల్లో అంకెలు కనిపించలేదు. పద్దెనిమిదేళ్లొచ్చినా ఆ సంగతి వాడికే తెలీదు పాపం. కట్టిన డబ్బు వెనక్కి రాలేదు.

పరీక్షల గురించి పెద్దగా భయపడక్కర్లేదు. నేవిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్, టెక్నికల్, ఒక్కోదాంట్లో 70 శాతం రావాలి. ఎంపీసీ పిల్లలకు అందేవే.

కమర్షియల్ లైసెన్సుకి 200 గంటలు ఎగరాలి. ఫ్లయింగ్ స్కూలు వాళ్లు ఏడాది అంటారు, నాకు రెండేళ్లు దాటింది. చలికాలం పొగమంచు, వానాకాలం మబ్బులు, మిగిలిన రోజుల్లో విమానం రిపేరు. బ్రోచర్లో నాలుగు విమానాలు. నేనున్నన్నాళ్లూ రెండింటికి మించి ఒకే రోజు ఎగరగా చూడలేదు. అందుకని మీరే ఒకరోజు పొద్దున ఏడింటికి వెళ్లి లెక్కపెట్టుకోండి. బయట టీ తాగే స్టూడెంట్లను పోయిన నెల ఎన్ని గంటలు ఎగిరారో అడిగి, లాగ్‌బుక్ చూపించమనండి. ఆఫీసు గదిలో వాళ్లు చెప్పే లెక్క వేరు.

తమ్ముడికి ఇదొకటి చెప్పండి. ఎక్కే ముందు రెక్క కింద వంగి, చిన్న ప్లాస్టిక్ గ్లాసులోకి కాస్త ఇంధనం పట్టి వెలుతురుకి పెట్టి చూడాలి. లేత నీలంగా ఉండాలి. అడుగున నీళ్లు చేరితే పారబోసి మళ్లీ పట్టాలి. జనవరి చలిలో వేళ్లు కొంకర్లు పోతున్నా ఇదే పని, ప్రతిసారీ. విసుగేసి ఒక్కరోజు మానేద్దామనుకునే రకమైతే ఈ ఉద్యోగం వాడికి పడదు.

అసలు కష్టం లైసెన్సు వచ్చాకే. అందరూ లైసెన్సు ఖర్చు దాకానే లెక్క వేస్తారు, అది 50 లక్షల దగ్గర తేలుతుంది. కానీ దాంతో ఎయిర్‌బస్ నడపనివ్వరు. టైప్ రేటింగ్, అంటే ఆ రకం విమానానికే విడిగా శిక్షణ, చేయాలి, ఇంకో 15 లక్షలు అటూ ఇటూ. ఆ పైన ఉద్యోగం ఎప్పుడొస్తుందో ఎవరి చేతిలోనూ ఉండదు. నాకు లైసెన్సు 2019 మార్చిలో వచ్చింది. ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయింది. వేల గంటలు ఎగిరినవాళ్లే రోడ్డున పడితే 200 గంటల కుర్రాణ్ని ఎవరు పిలుస్తారు? ఏడాది తిరక్కుండానే కోవిడ్. ఉద్యోగం దొరికేసరికి 2022 చివరికొచ్చింది. అన్నాళ్లూ గుంటూరులో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పాను. బ్యాంకు వడ్డీ ఆగదు కదా. దానికితోడు ఏటా మెడికల్, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట ఏమీ కనిపించకపోయినా పరికరాలు చూసి నడిపే అర్హత) రెన్యూవల్. పెళ్లిళ్లకు వెళ్తే "ఏరా, మమ్మల్ని విమానం ఎప్పుడెక్కిస్తావ్?" అనే పలకరింపు. చివరికి పెళ్లిళ్లకే వెళ్లడం మానేశాను.

ఇప్పుడు రోజులు మారాయంటారు, కొంత నిజమే. 2023లో ఎయిర్ ఇండియా 470, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్ పెట్టాయి. కానీ గో ఫస్ట్ అనే విమాన సంస్థ ఆగిపోయిందీ అదే ఏడాది మేలో. మీ తమ్ముడు లైసెన్సుతో బయటికొచ్చేనాటికి గాలి ఎటు ఉంటుందో ఏ కన్సల్టెంటూ చెప్పలేడు. అందుకే టైప్ రేటింగ్ డబ్బు, రెండేళ్ల వడ్డీ ముందే పక్కన పెట్టుకోగలిగితేనే దిగండి. పక్కనే దూరవిద్యలో ఒక డిగ్రీ కూడా కానివ్వమనండి, నాకు ఆ కాలంలో అన్నం పెట్టింది డిగ్రీయే.

ఆ రెండెకరాలే ఇంటికి ఆధారమైతే, మీ నాన్న స్థానంలో నేనైతే అమ్మను. కొంచెం అటూ ఇటూ తట్టుకోగలం అనుకుంటే, తమ్ముడి పరీక్షలయ్యాక క్లాస్ 2కి పంపండి. ఆ రిపోర్టులు వచ్చాక స్కూలు సంగతి చూద్దాం.