స్నేహితురాలు చైనా వస్తోంది, ఇంట్లో ఉంచుకోవచ్చా?

ప్రశ్న: నమస్తే మేడమ్. మావారి ఉద్యోగం వల్ల ఎనిమిది నెలలుగా గ్వాంగ్‌జౌలో ఉంటున్నాం. నేనూ ఇక్కడే ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. డిగ్రీలో నాతో చదివిన స్నేహితురాలు తెనాలి నుంచి 12 రోజులు ఉండటానికి వస్తోంది. టూరిస్టు వీసా వచ్చేసింది. మాది ఒకటే బెడ్‌రూమ్, హాల్లో పడుకుంటానంది. తను గుడ్డు కూడా ముట్టదు, చైనీస్ ఒక్క ముక్క రాదు. నాకేమో 2 రోజులే సెలవు దొరికింది. తను వస్తున్నట్టు ఇంటి ఓనరుకి చెప్పకపోతే ఇబ్బందా? తలుచుకుంటే సంతోషం కన్నా టెన్షనే ఎక్కువగా ఉంది.
— ఓ పాఠకురాలు, గ్వాంగ్‌జౌ

జవాబు: ముందు ఓనరు సంగతి చూద్దామమ్మా, అన్నిటికన్నా తొందర పడాల్సింది అక్కడే. తప్పకుండా చెప్పండి. చైనాలో విదేశీయులు హోటల్లో దిగితే పోలీసు నమోదు హోటలువాళ్ళే చూసుకుంటారు. ఇంట్లో దిగితే మాత్రం 24 గంటల్లోగా వచ్చినవాళ్ళో, ఉంచుకున్నవాళ్ళో ఆ ఏరియా పోలీసు స్టేషన్లో నమోదు చేయించాలి. 2013 జూలై నుంచి అమల్లో ఉన్న చట్టం ఇది. చేయించకపోతే హెచ్చరికతో వదలొచ్చు, 2000 యువాన్ల దాకా జరిమానా కూడా వేయొచ్చు.

నేనూ పదకొండేళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉంటున్నాను. 2018లో నా చిన్ననాటి స్నేహితురాలు శుక్రవారం రాత్రి దిగింది. శని, ఆదివారాలు కబుర్లతోనే గడిచిపోయాయి. సోమవారం తీరిగ్గా స్టేషన్‌కి వెళ్తే అధికారి పాస్‌పోర్టులో ముద్ర తేదీ చూసి, వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టి నా మొహంలోకి చూశాడు. ఎందుకు ఆలస్యమైందో రాసివ్వమన్నాడు. జరిమానా పడలేదు గానీ, నన్ను నమ్ముకుని వచ్చిన మనిషి పక్కన కూర్చుని వణికిపోతుంటే నాకు చచ్చేంత బాధేసింది. మీకు ఆ పరిస్థితి రాకూడదు.

ఆమె పాస్‌పోర్టు, వీసా పేజీ, దేశంలోకి వచ్చినట్టు ముద్ర ఉన్న పేజీ, మీ పాస్‌పోర్టు, రెసిడెన్స్ పర్మిట్, ఇంటి అద్దె ఒప్పందం పట్టుకెళ్ళండి. కొన్ని స్టేషన్లలో ఓనరు గుర్తింపు కార్డు కాపీ కూడా అడుగుతారు, అందుకే ముందే చెప్పమంటున్నాను. కొన్నిచోట్ల ఫోన్‌లోనే నమోదు చేసుకోవచ్చు, మీ కాంపౌండ్ ఆఫీసులో కనుక్కోండి. మధ్యలో గుయిలిన్ లాంటి చోటికి వెళ్ళి హోటల్లో రెండు రాత్రులు ఉండొస్తే, తిరిగొచ్చాక మళ్ళీ నమోదు చేయించండి.

ఇక మీ సెలవు సంగతి. రెండు రోజులే అని కుంగిపోకండి. మీరు ఆఫీసుకి వెళ్ళాక తను గుమ్మం దాటలేక మీ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే, అప్పుడు మీ ఇద్దరికీ కష్టం. దాన్ని తప్పించే పని తను విమానం ఎక్కకముందే జరగాలి. మన యూపీఐ ఇక్కడ నడవదు. ఇక్కడ ఫోన్‌తో డబ్బు కట్టే అలీపే ఆప్ తెనాలిలోనే వేయించి, పాస్‌పోర్టు వివరాలు ఇచ్చి, వీసా కార్డు గానీ మాస్టర్‌కార్డు గానీ కలపమనండి. అంతకన్నా ముందు బ్యాంకు ఆప్‌లో ఆ కార్డుకి అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసుకోవాలి, లేకపోతే ఇక్కడికొచ్చాక కూరగాయల కొట్టు ముందు ఫోన్ పట్టుకుని నిలబడాలి. ఓటీపీ వచ్చేది ఇండియా నంబరుకే కాబట్టి రోమింగ్ ప్యాక్ వేయించుకోవడం మంచిది. దానికి ఇంకో లాభమూ ఉంది. మీ ఇంటి వైఫైలో వాట్సాప్ రాదని మీకు తెలుసు. ఇండియా సిమ్ రోమింగ్‌లో ఉంటే వస్తుంది, రాత్రికి వాళ్ళమ్మగారితో మాట్లాడుకోవచ్చు. మీ ఇంటి అడ్రసు చైనా లిపిలో రాసి, మీ ఫోన్ నంబరు వేసి, ఒక అట్టముక్క తన పర్సులో పెట్టండి.

తిండి దగ్గర జాగ్రత్త. ‘వో చి సు’, అంటే నేను శాకాహారిని అని చెప్తే ముక్కలు తీసేస్తారు గానీ, ఆకుకూర మీద ఆయిస్టర్ సాస్, అంటే సముద్రపు గుల్లలతో చేసిన సాస్, పోసి తెస్తారు. వాళ్ళ దృష్టిలో అది మాంసం కాదు. వంకాయ కూరలో కంటికి కనబడనంత సన్నగా పంది కైమా ఉంటుంది. ఉదయం టీ దుకాణాల్లో దొరికే ముల్లంగి కేకు మన మినపరొట్టెలా ఎర్రగా కాలి నోరూరిస్తుంది, లోపల మాత్రం ఎండురొయ్యలు, సాసేజీ ముక్కలు. దాని బదులు లోపల ఏమీ పెట్టకుండా చుట్టిన బియ్యప్పిండి చుట్టలు ఇప్పించండి, ఇక్కడివాళ్ళు జాయ్ చ్యోంగ్ అంటారు. బౌద్ధాలయాల దగ్గరి శాకాహార హోటళ్ళయితే నిశ్చింత, చాలావాటిలో ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. గుడ్డు సంగతి మాత్రం అడిగే తినమనండి. అన్నట్టు, అభిమానం కొద్దీ నెయ్యి తెస్తానంటుంది, వద్దని చెప్పండి. పాల పదార్థాలు కస్టమ్స్ దగ్గర తీసేసుకుంటారు.

ఈ ఊళ్ళోనే లివాన్ ప్రాంతంలో ఉన్న హువాలిన్ బౌద్ధ గుడికి తప్పక తీసుకెళ్ళండి. దక్షిణ భారతం నుంచి ఓడలో వచ్చిన బౌద్ధ గురువు బోధిధర్ముడు కాలు పెట్టింది ఆ చోటే అని ఇక్కడివాళ్ళ నమ్మకం. మన వైపు నుంచి వచ్చిన మనిషికి అక్కడ నిలబడితే కలిగే అనుభూతి వేరు.

సెలవు రెండు రోజులూ ఒకేసారి పెట్టకండి. మొదటి రోజు స్టేషన్ పనికి పెట్టి, రెండోది చివర్లో దాచుకోండి. 2018లో విదేశీ కార్డులు ఫోన్‌లో నడిచేవి కావు, నా స్నేహితురాలి చేతిలో చిల్లర పెట్టి వెళ్ళేదాన్ని. పదో రోజున ‘నీకో చోటు చూపిస్తా పద’ అని మా ఇంటి వెనక సందులోకి నన్నే తీసుకెళ్ళింది. ఒకావిడ వేడి వేడి సోయా జున్నులో తీపి పాకం పోసి అమ్ముతోంది. అప్పటికి మూడేళ్ళుగా ఆ సందు పక్క నుంచే ఆఫీసుకి వెళ్తున్నాను, ఒక్కసారీ లోపలికి తిరగలేదు. ఆవిడ నా స్నేహితురాలిని చూడగానే గుర్తుపట్టి, నా వైపు చూసి, రెండు గిన్నెలా అన్నట్టు రెండు వేళ్ళు చూపించింది.