సంగీత నాటకం పాటలకు పాప్ ధ్వని రావాలంటే

మీ సంగీత నాటకంలో డ్రమ్ బీట్ పెట్టినా పాటలు పద్యనాటకంలాగే వినిపిస్తున్నాయన్నారు కదా. తప్పు బీట్‌లో లేదండీ. ముందు కీబోర్డు వాయించేవారి కుడిచేతిని చూడండి. పాడే ట్యూన్‌నే వాయిస్తుంటే ఆపించండి. పాప్‌లో ట్యూన్ గొంతుదే. కీబోర్డుకు సి, జి, ఏ మైనర్, ఎఫ్ లాంటి 4 కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు) చాలు, బార్‌కి, అంటే 4 బీట్లకి, ఒకటి, మళ్ళీ మొదటికి.

తర్వాత మాట పడే చోటు. ‘ఇంటికి రాను’లో ‘రా’ సరిగ్గా 1వ బీట్ మీద పడితే భజనలా ఉంటుంది. ‘ఇం’ 3 మీద, ‘టి’ ఆ తర్వాతి అరబీట్ మీద, ‘కి’ 4 మీద వేస్తే ‘రా’ అరబీట్ ముందే దిగి, 1 మీదుగా సాగుతుంది. కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) 1, 3 మీద, స్నేర్ (చురుగ్గా మోగే చిన్న డ్రమ్) 2, 4 మీద ఉంటేనే ‘రా’ ముందుకు నెట్టే ఆ ఊపు తెలుస్తుంది.

అన్నిటికన్నా మొండిది టెంపో, అంటే పాట వేగం. నటుడు చరణం చివర సాగదీస్తాడు, బ్యాండ్ ఆగుతుంది, అక్కడితో పాప్ పోయింది. డ్రమ్మర్‌కీ కీబోర్డుకీ ఇయర్‌ఫోన్‌లో క్లిక్ (బీట్ లెక్క చెప్పే టిక్‌టిక్ శబ్దం) ఇవ్వండి, నిమిషానికి 96 బీట్ల దగ్గర మొదలుపెట్టి చూడండి. నటుడే బ్యాండ్‌ని అందుకోవాలి. గమకాలు తగ్గించి, హెడ్‌సెట్ మైకులో మాట్లాడే గొంతుతోనే పాడమనండి.

పల్లవి మొదటి నిమిషంలోపే రావాలి. రెండోసారి వచ్చేసరికి కథ కదిలి ఉండాలి, లేకపోతే అది కచేరీ అవుతుంది. బెంగళూరులోని రంగశంకర లాంటి థియేటర్‌లో ప్రేక్షకులు వేదికకు దగ్గర, స్నేర్ మాటల్ని మింగేస్తుంది. కర్రల బదులు బ్రష్‌లు వాడండి.